వరండా చెక్క మెట్లు పుచ్చితే: పలకలు మారిస్తే సరిపోతుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చెక్కపని గురించినవే ఎక్కువ. సికింద్రాబాద్ మారేడ్‌పల్లి నుంచి వచ్చిన మొదటి ప్రశ్నకు కాస్త పొడుగ్గానే జవాబిస్తున్నాం. మిగతా ఉత్తరాల్లో అడిగిన వాటికి సగం సమాధానం అందులోనే దొరుకుతుంది.

ప్రశ్న: మాది పాత బంగళా. వరండా నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంది. దాని ముందు నాలుగడుగుల వెడల్పున చెక్క మెట్లు. కింది రెండు మెట్లు అడుగేస్తే దిగుతున్నాయి. పలకల్ని మోసే పక్క చెక్కల మొదళ్లు చేత్తో నలిపితే పొడి అవుతున్నాయి. వడ్రంగేమో పై పలకలు మారిస్తే చాలంటాడు. మేస్త్రి అన్నీ పీకేసి కాంక్రీటు పోద్దామంటాడు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, రోజూ ఆ మెట్లే ఎక్కి దిగాలి. మళ్లీ చెక్కతోనే కట్టించుకోవచ్చా? ఏ కలప, ఎంత కావాలి?
— ఒక పాఠకురాలు, వెస్ట్ మారేడ్‌పల్లి

జవాబు: కట్టించుకోవచ్చమ్మా. అయితే వడ్రంగి మాట మాత్రం వినకండి. మొదలు పొడి అవుతుంటే పైన టేకు పలక వేసినా, బంగారు పలక వేసినా అది రెండో వానాకాలానికి మళ్లీ దిగుతుంది. పోయింది పలక కాదు, దాన్ని మోసే చెక్క.

ముందు ఒక పాత స్క్రూడ్రైవర్ తీసుకుని మెట్లన్నీ పొడిచి చూడండి. నాలుగు చోట్లు ముఖ్యం: పలకల్ని మోసే ఏటవాలు చెక్కల (మీరన్న పక్క చెక్కల) మొదళ్లు, పలక ఆ చెక్క మీద కూర్చునే అతుకు, మేకుల చుట్టూ, పైన గోడకు ఆనుకునే కొస. గట్టి చెక్కలో మొన రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. అర అంగుళం సులువుగా దిగితే ఆ భాగం పోయినట్టే. లోపలి చెక్క ముదురు గోధుమ రంగులో, చిన్న చిన్న గడులుగా పగిలి కనిపిస్తే అది బూజు వల్ల వచ్చిన కుళ్లు. పైకి బాగానే ఉండి, తడితే డొల్ల చప్పుడు చేసి, లోపల పొరల మధ్య మట్టి కనిపిస్తే చెదలు. మీ ఉత్తరాన్ని బట్టి మొదటిదే అనిపిస్తోంది. పాత ఇళ్లలో రెండూ కలిసే ఉండటం మామూలే, కాబట్టి చెదల సంగతి కూడా చూసుకోవాలి.

కుళ్లు ఎందుకొచ్చిందో తేల్చకుండా కొత్త మెట్లు కట్టడం డబ్బు దండగ. చెక్క తడిసినందుకు పుచ్చదు, తడిసింది ఆరనందుకు పుచ్చుతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే బూజు పెరుగుతుంది. మీ ఇంటి దగ్గర కారణం ఈ మూడింటిలో ఒకటై ఉంటుంది, మూడూ కలిసి ఉన్నా ఉండొచ్చు. ఒకటి, ఎప్పుడో ఎవరో ‘గట్టిగా ఉంటుంది’ అని ఏటవాలు చెక్కల మొదళ్ల చుట్టూ సిమెంటు పోసి ఉంటారు. ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి, చెక్క కొస వాటిని పైకి లాగుతుంది. రెండోది మన కాలనీల్లో అందరికీ తెలిసిన బాధే: రోడ్డు మీద పాతది తవ్వకుండా పొర మీద పొర వేస్తూ పోతారు, చివరికి రోడ్డు ఎత్తై ఇంటి ముంగిలి పల్లమవుతుంది. అప్పట్లో భూమికి పైన ఉన్న మొదళ్లు ఇప్పుడు మట్టిలో ఉంటాయి. మూడోది, మెట్లకు రెండు వైపులా వరుసగా పెట్టే పూలకుండీలు. రోజూ పోసే నీళ్లు కుండీ కింద నుంచి కారి చెక్క పక్కనే ఇంకుతాయి.

విప్పే ముందు ఒక జాగ్రత్త. వరండా స్తంభమేదైనా మెట్ల చెక్క మీద ఆని ఉందేమో చూడండి. ఉంటే దాని పక్కన జాకీ, దుంగ పెట్టి బరువు ఎత్తాకే పని మొదలుపెట్టాలి.

*కొలత.* మెట్ల పనిలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కొత్త టైల్సో బండలో పరిచే ఉద్దేశం ఉంటే అవి పరిచాక వచ్చే మట్టం నుంచి కొలవాలి, ఇప్పుడున్న మట్టి నుంచి కాదు. ఎత్తు 30 అంగుళాలే వచ్చిందనుకుందాం. ఐదు ఎక్కుడులుగా భాగిస్తే ఒక్కోటి 6 అంగుళాలు. ఐదో అడుగు వరండా మీదే పడుతుంది, కాబట్టి పలకలు వేసే మెట్లు నాలుగే. జాతీయ భవన నియమావళి ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటకూడదంటుంది, అడుగు పెట్టే వెడల్పు కనీసం 250 మిల్లీమీటర్లు ఉండాలంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి 6 అంగుళాల ఎత్తు, 11 అంగుళాల వెడల్పు ఇంకా హాయి. రెండు ఎత్తులు, ఒక వెడల్పు కలిపితే 24, 25 అంగుళాల మధ్య రావాలన్నది పాత లెక్క. ఇక్కడ 23 వస్తోంది. కాస్త నెమ్మదిగా ఎక్కే వాళ్లకు అదే నయం, మార్చకండి. ఏ రెండు మెట్ల ఎత్తుల మధ్యా పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదు. కాలికి మొదటి మెట్టు ఎత్తు అలవాటవుతుంది, మధ్యలో ఒక్కటి తేడా పడితే అక్కడే తట్టుకుంటారు.

*కింద దిమ్మ.* మెట్లు దిగే చోట 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గుంట తవ్వి, మొరం వేసి దిమ్మిస కొట్టించండి. చెదల మందు ఈ దశలోనే పొయ్యాలి. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందును లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, ఆ గుంటకు ఆరు లీటర్లు సమంగా పోయించండి. సంపు గానీ బోరు గానీ పక్కనే ఉంటే మాత్రం ఈ మందు వద్దు, చెదల పనివాళ్లను పిలిచి వేరే మార్గం అడగండి. మందు ఇంకాక 4 అంగుళాల మందాన 1:2:4 (సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు) కాంక్రీటు పోయించండి. ఈ కొలతకు సిమెంటు ముప్పావు బస్తా పడుతుంది, ఒక బస్తా తెప్పిస్తే చాలు. పైభాగం చుట్టూ ఉన్న నేలకన్నా అర అంగుళం ఎత్తులో, బయటి వైపు అడుగుకు పావు అంగుళం వాలుగా ఉండాలి. ఏడు రోజులు తడపండి.

చెక్క ఆ కాంక్రీటును నేరుగా తాకకూడదు. వంటగది గట్టు పనిలో మిగిలిన ముప్పావు అంగుళం గ్రానైటు ముక్కలు అడిగితే ఊరికే ఇస్తారు. ఒక్కో ఏటవాలు చెక్క కింద అలాంటివి రెండు ఒకదానిమీద ఒకటి ఎపాక్సీ జిగురుతో అతికించి, రసమట్టం పెట్టి సరిచెయ్యండి. రాయి చెక్క మొదలుకన్నా నాలుగు వైపులా పావు అంగుళం లోపలికే ఉండాలి. బయటికి పొడుచుకొస్తే ఆ అంచు మీద పడిన నీరు సూటిగా చెక్క కిందికి పోతుంది. చూడటానికి చిన్న విషయమే గానీ రాళ్లు పెట్టి కూడా మొదళ్లు పుచ్చిన చోట సాధారణంగా కనిపించే లోపం ఇదే.

*ఏటవాలు చెక్కలు.* మూడు కావాలి: రెండు పక్కలా ఒక్కోటి, నడుమ ఒకటి. ఒక్కోటి 2 అంగుళాల మందం, 10 అంగుళాల వెడల్పు, ఐదున్నర అడుగుల పొడవు. 6కు 11 లెక్కన మెట్టు గాడి కోస్తే చెక్క వెడల్పులో ఐదుంపావు అంగుళాలు పోయి, నాలుగున్నర పైచిలుకు మిగులుతుంది. బరువు మోసేది ఆ మిగిలిందే. డిపోలో ‘8 అంగుళాలది ఉంది, సరిపోతుంది’ అంటే ఒప్పుకోకండి, మిగిలేది మూడు అంగుళాల లోపే.

ఇప్పుడు మొదలు కోత. వడ్రంగి అన్ని గాళ్లూ 6 అంగుళాలకే కోసి, చెక్క నిలబెట్టి, పైన అంగుళంన్నర పలకలు వేశాడనుకోండి. కింది మెట్టు ఏడున్నర అవుతుంది, చివరి మెట్టు నుంచి వరండాకు నాలుగున్నరే మిగులుతుంది. అందుకే మొదలు దగ్గర పలక మందానికి అంగుళంన్నర, గ్రానైటు ముక్కలకు ఇంకో అంగుళంన్నర, మొత్తం 3 అంగుళాలు తగ్గించి కొయ్యాలి. ఒకటి కోసి, చోటులో నిలబెట్టి, రెండు పలకలు ఉత్తినే పెట్టి టేపుతో కొలిచి చూసుకోండి. సరిపోయాకే దాన్ని అచ్చుగా పెట్టుకుని మిగతా రెండూ కోయించండి.

కరెంటు రంపంతో గాడి మూల దాటి కోస్తే కంటికి కనపడని చీలిక లోపలికి పోతుంది, చెక్క అక్కడే విరుగుతుంది. మూలకు అర అంగుళం ముందే మర ఆపి, మిగతాది చేతిరంపంతో కోయించండి. ఏం తొందర లేదు.

పైకొస గోడకు అంటుకోకూడదు, అర అంగుళం సందు వదలండి. ఒక్కో చెక్కకు రెండు గాల్వనైజ్డ్ ఎల్ యాంగిళ్లు పెట్టి గోడకు బిగించాలి. మీది పాత ఇల్లంటున్నారు, గోడ డంగు సున్నంతో కట్టింది అయ్యుండొచ్చు. మామూలు యాంకర్ బోల్టు బిగుస్తూ వెడల్పవుతుంది, మెత్తటి సున్నం అతుకులో పెడితే అక్కడి సున్నం రాలి బోల్టు ఊడొస్తుంది. అతుకులో కాకుండా రాయి లేదా ఇటుక నడుమ బరమా వేయించి, దుమ్ము ఊదేసి, కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు నింపి బిగించే బోల్టు) పెట్టించండి. ఆ గోడకు పైన సిమెంటు పూత పూయించాలని మేస్త్రి అంటే వద్దనండి. సున్నపు గోడలో తేమ ఆ పూత వెనకే చిక్కుకుని మెట్ల వైపు వస్తుంది.

*పలకలు.* మెట్టుకు ఒకే వెడల్పాటి పలక కాకుండా రెండు వేయండి. ఒక్కోటి అంగుళంన్నర మందం, చిత్రిక పట్టాక ఐదుముప్పావు అంగుళాల వెడల్పు, నాలుగడుగుల పొడవు, రెంటి మధ్య పావు అంగుళం సందు. వెడల్పాటి పలక ఎండావానలకు దోనెలా వంగి నీళ్లు పట్టి ఉంచుతుంది. పలక ముందుకు ముప్పావు అంగుళం పొడుచుకు రావాలి, అడుగుకు ఒకటి రెండు నూళ్ల (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) వాలు ముందుకే ఉండాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ 304 రకం, 10 నంబరు, 3 అంగుళాలవి. పలకకు ఒక్కో ఏటవాలు చెక్క దగ్గర రెండు చొప్పున 48 పడతాయి, 55 తెచ్చుకోండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో విడిగా దొరుకుతాయి. ముందు బరమాతో రంధ్రం వెయ్యకుండా టేకులోకి స్టెయిన్‌లెస్ స్క్రూ తిప్పితే తల తెగిపోతుంది. పలక చివరి నుంచి అంగుళంన్నర లోపే పెట్టారా, చెక్క చీలుతుంది.

మెట్ల మధ్య నిలువు పలక పూర్తిగా మూసేస్తే లోపల గాలి ఆడదు. మూడు చోట్ల 3 అంగుళాల వెడల్పు చెక్క పెట్టి, పైనా కిందా ముప్పావు అంగుళం వదలండి. పిల్లల కాళ్లు దూరవు, గాలీ ఆడుతుంది. అన్నిటికంటే కింది మెట్టు ముందు మాత్రం ఏమీ పెట్టకుండా ఖాళీగానే ఉంచండి.

అత్తగారికి చేతికర్ర లాంటి ఆసరా కావాలి కాబట్టి ఒక పక్క కమ్మీ పెట్టించండి, పలక అంచు నుంచి 3 అడుగుల ఎత్తులో, గుప్పిట్లో పట్టేలా అంగుళంన్నర లావున. దాని నిలువు కర్రలను ఏటవాలు చెక్కకు 10 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించాలి. పై పలక మీద ఫ్లాంజి (కర్ర కింద పెట్టే లోహపు బిళ్ల) పెట్టి స్క్రూలు కొడితే ఆర్నెల్లలో ఊగుతుంది.

*కలప.* అడుగుల్లో పొడవు, అంగుళాల్లో వెడల్పు, మందం, ఈ మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. పలకలు ఎనిమిదికి (కోత కొలత 6 అంగుళాలు) 2, ఏటవాలు చెక్కలు మూడింటికి 2.3, మెట్ల మధ్య పెట్టే అడ్డ చెక్కలకు పావు. తరుగు 15 శాతం కలిపి ఐదుంపావు ఘనపుటడుగులు అడగండి. డిపోవాడు ఏడెనిమిది చెబితే లెక్క కాగితం మీద వేయించండి.

టేకే ఉత్తమం, కానీ టేకు అన్న పేరు చూసి కాదు, చేవ (మాను నడుమ ఉండే ముదురు రంగు గట్టి చెక్క) చూసి కొనాలి. బల్లార్షా టేకైనా, విదేశాల నుంచి వచ్చే తోట టేకైనా అంచున తెల్లగా కనిపించే పైచెక్కకు కుళ్లును, పురుగును తట్టుకునే శక్తి లేదు. లేత తోట టేకులో ఆ తెల్ల భాగమే ఎక్కువ. ఏటవాలు చెక్కలకు అది అసలు పనికిరాదు. ఖర్చు తగ్గాలంటే ఏటవాలు చెక్కలకు వేగిస వాడొచ్చు, మన్నుతుంది. నల్లమద్ది గట్టిదే గానీ ఆరేటప్పుడు పగుళ్లు ఎక్కువ, బాగా ఆరిన సరుకు దొరికితేనే తీసుకోండి. భోయిగూడ, ముషీరాబాద్ వైపు కలప డిపోల్లో తిరిగితే పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చిన టేకు దూలాలు కూడా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఆరిన చేవ కనక అది కొత్తదానికన్నా మేలు. మరకు పెట్టే ముందు అయస్కాంతంతో మేకులు వెతికించండి, లేకపోతే రంపం బ్లేడు ఖరీదు మీ బిల్లులో చేరుతుంది. తేమ కొలిచే మీటరు ఉంటే 12 నుంచి 15 శాతం లోపు చూడండి. లేకపోతే కోసేటప్పుడు రంపపు పొట్టు గుప్పిట్లో పట్టి నొక్కండి, ముద్దకడితే పచ్చి చెక్క.

*పూత.* ఇక్కడ మన దగ్గర అలవాటుగా చేసే తప్పు మెలమైన్ పాలిష్. తలుపు లోపలి వైపు బాగుంటుంది, ఎండ వాన తగిలే మెట్టు మీద ఏడాదిలో పొలుసుల్లా లేస్తుంది. పియు (పాలీయురేతేన్) పూత కూడా నడిచే చోట పగిలి, ఆ పగులులోంచి దిగిన నీటిని బయటికి పోనివ్వదు. బిగించక ముందే ప్రతి ముక్కనూ ఆరు ముఖాలా పూయాలి: చెక్క రంగు కనపడాలంటే బయటి వాడకానికి చేసిన వుడ్ ఆయిల్ లేదా స్టెయిన్, రంగు కావాలంటే ప్రైమర్ మీద రెండు చేతులు (రెండు పూతలు) ఎనామిల్. కోసిన కొసలకు అదనంగా రెండు చేతులు. నీటిని ఎక్కువగా పీల్చేది ఆ కొసలే. బిగించాక పూస్తే అతుకుల లోపల పచ్చి చెక్క అలాగే మిగిలిపోతుంది. అవిసె నూనె వాడితే తుడిచిన గుడ్డలు ముద్దగా పడెయ్యకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేసి, ఆరాకే పారెయ్యండి. వాడేసిన ఇంజనాయిల్ పూయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ మెట్టు జారుతుంది, చీరలకు అంటుతుంది, తరువాత ఏ రంగూ పట్టదు.

పని ఫిబ్రవరి, మే మధ్యలో పెట్టుకోండి. వానల్లో ఉబ్బిన చెక్కతో చేస్తే వేసవికి సందులన్నీ తెరుచుకుంటాయి. ఆ తరువాత ఏటా వానలకు ముందు ఒకసారి పలకల మధ్య సందుల్లోని ఆకులు, మట్టి గీకించి, పూత పోయిన చోట మళ్లీ ఒక చెయ్యి పూయిస్తే చాలు. కుండీలు మాత్రం మెట్లకు అడుగు దూరంలో పెట్టుకోండి.

మేస్త్రి మాట కూడా పూర్తిగా తప్పు కాదు. నేల బాగా పల్లమై, వాన పడ్డ ప్రతిసారీ మెట్ల దగ్గర నీళ్లు నిలిచి, వాటిని మళ్లించే దారి లేకపోతే కింది రెండు మెట్లు రాతివి కట్టించి, పై రెండూ చెక్కవి పెట్టుకోవచ్చు.

ప్రశ్న: సింహద్వారం చౌకట్టు కింది భాగం, గడప రెండు మూలలూ మెత్తబడ్డాయి. గడపకు ఏటా పసుపు పెయింటు వేయిస్తూనే ఉన్నాం. మొత్తం చౌకట్టు మార్చాలా? గడప కదపకూడదని పెద్దవాళ్లంటారు.
— ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: చౌకట్టు మొత్తం మార్చక్కర్లేదు. నష్టం కింది అడుగు, అడుగున్నరలోనే ఉంటుంది. ఏటేటా వేసిన ఆ పెయింటు పైనుంచి నీటిని ఆపుతోంది నిజమే, కానీ గడప అడుగున, మూలల్లో పూత లేదు. కడిగిన నీళ్లు అక్కడి నుంచి ఎక్కి, పైన మందపు పెయింటు ఉండటంతో బయటికి రాలేకపోతున్నాయి. పెయింటు పెచ్చు లేపి చూడండి, కింద చెక్క పిండిలా ఉంటుంది.

తలుపు రెక్కలు దించి, చౌకట్టు పై అడ్డకమ్మీకి దుంగ ఆసరా పెట్టించండి. నిలువు కమ్మీలో గట్టి చెక్క మొదలైన చోటు నుంచి ఇంకో 6 అంగుళాలు పైకి కోసేయాలి. 5 అంగుళాల కమ్మీ అయితే 10 అంగుళాల పొడవున ఏటవాలు అతుకు కోయించండి. అతుకు గీత బయటి వైపు కిందికి వాలాలి, నీరు జారిపోతుంది. లోపలికి వాలితే గరాటులా నీరు పోసినట్టే. ఎపాక్సీ రాసి, 8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టులు రెండు బిగించి, తలలు లోపలికి దింపి చెక్క బిళ్లలు మూయించండి. రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి కూరే పద్ధతి బయటి తలుపుకు పనికిరాదు, ఆ ముద్ద మొదటి వానకే కుంచించుకుని వదులవుతుంది.

పాత గడపను నడుమ కోసి రెండు ముక్కలుగా లాగితే గోడ కదలదు. కొత్త గడప పైభాగం బయటికి కాస్త వాలుగా, అడుగున బయటి అంచుకు అంగుళం లోపల పావు అంగుళం గాడితో ఉండాలి. కారిన నీరు ఆ గాడి దగ్గర తెగి పడుతుంది. అడుగు భాగానికి మూడు చేతులు పూత పూశాకే పెట్టించండి. ముహూర్తం మీ ఇష్టం, శూన్యమాసం కాకుండా చూసుకోండి, వానాకాలం కూడా కాకుండా చూసుకోండి. ఆ తరువాత పసుపు, కుంకుమ నిక్షేపంగా పెట్టుకోవచ్చు. బకెట్టుతో నీళ్లు కుమ్మరించడం మాని తడిగుడ్డతో తుడవండి.

ప్రశ్న: బయటి మెట్లకు మెరైన్ ప్లై వాడితే కుళ్లదని షాపులో చెప్పారు. డబ్ల్యూపీసీ (చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలు కూడా చూపించారు. ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైలో జిగురు మరిగే నీటిని కూడా తట్టుకుంటుంది. అయితే మెట్టు అంచున కోసిన పొరలన్నీ తెరుచుకునే ఉంటాయి, పై పొర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. చెప్పులతో నడిచే చోట అది అరిగి, నీరు అక్కడి నుంచి దిగుతుంది. వరండా లోపల బల్లకో అల్మారాకో వాడుకోండి, మెట్టుకు వద్దు. డబ్ల్యూపీసీ కుళ్లదు, చెద పట్టదు, కానీ ఎండకు మెత్తబడి వంగుతుంది. దాని కింద ఆసరాలు అడుగు దూరానికొకటి పెట్టాలి, చివర్ల దగ్గర వ్యాకోచానికి పావు అంగుళం వదలాలి. మీరు పంపిన కొలత మూడున్నర అడుగులు కనక నాలుగు ఏటవాలు చెక్కలు అవుతాయి. ఆ ఖర్చు కలుపుకుంటే మామూలు టేకుకు పెద్ద తేడా రాకపోవచ్చు, రెండూ లెక్క వేయించుకోండి.

ప్రశ్న: చెక్క మెట్ల మీద వానాకాలం పాకుడు పట్టి జారుతోంది. రబ్బరు మ్యాట్లు పరవమంటారా?
— ఒక పాఠకురాలు, బొల్లారం

జవాబు: పరవకండి. మ్యాటు కింద తడి నెల్లాళ్లైనా ఆరదు, పైన జారుడు తగ్గి కింద కుళ్లు మొదలవుతుంది. అల్యూమినియం అంచు పట్టీలతోనూ ఇదే ఇబ్బంది. గట్టి కొబ్బరిపీచు బ్రష్షుతో, బట్టల సోడా కలిపిన నీటితో పాకుడు గీకి కడిగి, రెండు మూడు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. తరువాత ఎనామిల్ రెండో చెయ్యి పచ్చిగా ఉండగానే జల్లెడ పట్టిన సన్నటి పొడి ఇసుక పలక ముందు భాగంలో నాలుగు అంగుళాల పట్టీగా చల్లండి. ఆరాక రాలిందేదో ఊడ్చేసి, పైన పలచగా ఇంకో చెయ్యి పూయండి. ప్రెషర్ వాషర్‌తో మాత్రం కడిగించవద్దు. ఆ ధార మెత్తటి నారను లేపేస్తుంది, గరుకైన ఆ చెక్క మీద వచ్చే ఏడాది పాకుడు ఇంకా త్వరగా పడుతుంది.

ప్రశ్న: మెట్ల కింద రోజూ గోధుమపిండిలాంటి సన్నటి పొడి రాలుతోంది. చెక్క మీద గుండుసూది తలంత రంధ్రాలున్నాయి, మట్టి గీతలు లేవు. కిరోసిన్ పోస్తే చాలా?
— ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: అది చెద కాదు, పుచ్చు పురుగు. తెల్ల పైచెక్కలో ఉన్న పిండిపదార్థం తిని పెరుగుతుంది, చేవ జోలికి రాదు. కిరోసిన్ ఆవిరైపోతుంది, నిప్పు భయం అదనం. ముందు పాత పెయింటు గీకించండి, పూత ఉన్న చోట మందు లోపలికి దిగదు. లీటరు గోరువెచ్చని నీటిలో బోరిక్ యాసిడ్ 25 గ్రాములు, బొరాక్స్ 38 గ్రాములు కరిగించి, చెక్కకు మధ్యలో ఆరనిస్తూ మూడుసార్లు పట్టించండి. రంధ్రాల్లోకి సిరంజితో ఎక్కించండి. చేతికి తొడుగులు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. ఈ మందు వానకు కరిగి పోతుంది కాబట్టి చెక్క బాగా ఆరాక ప్రైమర్, ఎనామిల్ తప్పనిసరి. రంధ్రాలను మైనంతో మూసి, కింద నల్ల కాగితం పరిచి నెలరోజులు చూడండి. కొత్త పొడి రాలితే ఆ ముక్కలో పురుగు ఇంకా లోతుగా ఉందన్నమాట. అప్పుడు మళ్లీ మందు పెట్టడం కన్నా ఆ పలక ఒక్కటీ మార్చేయడమే చవక.